ఇంట్లో కట్టిన పాట, కంపెనీ రాసిన కాగితం: ఎమిట్ రోడ్స్ రెండో ఆల్బమ్ ‘మిర్రర్’

‘మిర్రర్’ అంటే అద్దం. 1971లో అమెరికాలో వెలువడిన ఈ ఆల్బమ్‌లో పాటలు రాసింది, బాణీలు కట్టింది, పాడింది, పియానో, గిటారు, బేస్, డ్రమ్స్ వాయించింది అంతా ఒక్కడే. పేరు ఎమిట్ రోడ్స్, అప్పటికి 21 ఏళ్ల కుర్రవాడు. స్టూడియో అంటే కాలిఫోర్నియాలోని హాథార్న్ ఊళ్లో అమ్మానాన్నల ఇంటి వెనక ఉన్న షెడ్డే.

ఫోనూ ల్యాప్‌టాపూ ముందు పెట్టుకుని ఇంట్లోనే తెలుగు పాటలు రికార్డు చేసే పిల్లలు మన వైపు కూడా ఉన్నారు. పాట బాగుందని కంపెనీ వాళ్లు అగ్రిమెంటు పంపితే ఏం చూసుకోవాలి అన్నది ఇళ్లలో పెద్దలకు తెలియాలి. అందుకే ఎమిట్ సంగతి వివరంగా రాస్తున్నాం.

ఎమిట్ 1950 ఫిబ్రవరి 25న పుట్టాడు. పదిహేడేళ్లకే ‘మెర్రీ గో రౌండ్’ అనే బృందంలో ముఖ్య గాయకుడు. అది విడిపోయాక షెడ్డులో నాలుగు ట్రాకుల టేపు మిషను పెట్టుకుని ఒంటరిగా పని మొదలుపెట్టాడు. ముందు ఒక వాద్యం వాయించి రికార్డు చేస్తాడు. దాన్ని చెవుల్లో వింటూ రెండోది వాయిస్తాడు, తర్వాత మూడోది, ఆపైన పాట, వంతపాట. మన భజన గుంపులో హార్మోనియం, మృదంగం, తాళాలు ఒకే మనిషి విడివిడిగా వాయించి, చివరికి అన్నీ కలిపి వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఓపికతో కూడిన పని. ఒక్క పాటకే రోజులు పడతాయి.

తన పేరుతోనే వచ్చిన మొదటి ఆల్బమ్ 1970 చివర్లో వెలువడి అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో 29వ స్థానం దాకా వెళ్లింది. ఇంటి షెడ్డులో తయారైన పాటలకు అది చిన్న విషయం కాదు. రెండోది ‘మిర్రర్’ 182 దగ్గరే ఆగిపోయింది. పాటల్లో లోపం వల్ల అంటే మేము ఒప్పుకోం. బీటిల్స్ బృందం 1970లో విడిపోయింది, చుట్టుపక్కల సంగీతం మోత పెంచుకుంటూ పోయింది. ఈయన మాత్రం నాలుగైదేళ్ల వెనకటి రాగం ఉన్న బాణీనే పట్టుకున్నాడు. ‘రియల్లీ వాంటెడ్ యూ’ పాట వింటే తెలుస్తుంది. మొదటి ఆల్బమ్ కంటే గిటారు జోరు కొంచెం ఎక్కువే గానీ, ఒకసారి విన్నవారు పనిచేసుకుంటూ కూనిరాగం తీసేలా ఉంటుంది. మన ఇళ్లలో ఘంటసాల, పి.బి. శ్రీనివాస్ పాటలు విని పెరిగిన పిల్లవాడు ఈ రోజుల్లో అదే పద్ధతిలో కొత్త పాట కట్టినట్టన్నమాట.

అసలు దెబ్బ అగ్రిమెంటు వల్ల తగిలింది. ఏబీసీ డన్‌హిల్ కంపెనీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఆరు నెలలకొక ఆల్బమ్ ఇవ్వాలి. అన్నీ ఒక్కడే వాయించే మనిషికి ఒక్కోదానికి ఏడాది దాకా పట్టేది. గడువు దాటిందని కంపెనీ రెండున్నర లక్షల డాలర్లకు దావా వేసింది, రావలసిన రాయల్టీ ఆపేసింది. ఇది చాలదన్నట్టు, ఏ అండ్ ఎం అనే పాత కంపెనీ తన దగ్గర మిగిలిపోయిన ఆయన పాటలను మొదటి ఆల్బమ్ వచ్చిన సమయంలోనే వేరే రికార్డుగా వదిలింది. కొనేవాళ్లు ఏది కొత్తదో తేల్చుకోలేకపోయారు. 1973లో మూడో ఆల్బమ్ వచ్చాక ఆయన పాటల నుంచి తప్పుకుని, ఇతరుల పాటలు రికార్డు చేసే పనిలోకి వెళ్లాడు. తర్వాతి ఆల్బమ్ ‘రెయిన్‌బో ఎండ్స్’ వచ్చేసరికి 2016. నలభై మూడేళ్లు! 2020 జూలై 19న కన్నుమూశాడు.

లీజు కాగితం సంగతి మన రాయచెర్లు వాళ్లకు కొత్త కాదు. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లుతో పాటు మన ఊరి భూములు కూడా 2,050 మెగావాట్ల సోలార్ పార్కులోకి వెళ్లాయి. భూమి అమ్మకుండా ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన కౌలుకే ఇచ్చారు. పెంపు ఎంత, ఎన్నాళ్లకు అని అడిగి మరీ సంతకం పెట్టారు. పాట విషయంలోనూ అడగవలసినవి అవే: అమ్మకమా కౌలా, ఎన్నాళ్లకు, ఎక్కడెక్కడ, వాటా ఎంత.

చట్టం మన పక్షాన కొంత ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలో ఉండి సంతకం ఉండాలి. కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోగా వాడుకోకపోతే అది రద్దవుతుంది, కాగితంలో వేరేగా రాసి ఉంటే తప్ప. ఈ ‘వేరేగా’ అన్న చిన్న అక్షరాలనే వెతికి చదవాలి. 2012 సవరణ తర్వాత పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు ఉంది. ఆ వసూలు పని చూసే సంస్థ ముంబైలోని ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ.

సినిమా లేకుండా పాట బతకదన్న మాట ఇక్కడ చెల్లదు. నిసార్ అహ్మద్ కవితలకు మైసూరు అనంతస్వామి బాణీలు కట్టిన ‘నిత్యోత్సవ’ క్యాసెట్ 1978లో వచ్చింది, కన్నడ భావగీతె ఇంటింటికీ చేరింది. తెలుగులో రావు బాలసరస్వతి, సాలూరి రాజేశ్వరరావు పాడిన లలిత గీతాలను గ్రామఫోను రోజుల నుంచే జనం దాచుకుని విన్నారు.

అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉందని సిగ్గుపడి, చదవకుండా సంతకం పెట్టకండి. రెండు రోజులు గడువు అడిగి కాగితం సంఘానికి తెస్తే కూర్చుని చదివి తెలుగులో చెబుతాం. ముందు ఒక నకలు మాత్రం ఇంట్లో ఉంచుకోండి.