విశ్వాసము - విభవము

2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారము. క్రిస్మసు పండుగ గడచి ఒక్క రాత్రియే అయినది. ఆ ఉదయమున భూకంపము వెన్నంటి లేచిన సముద్రము కార్ నికోబారు తీరగ్రామములను ముంచివైచెను. ఇండ్లు, కొబ్బరితోటలు, పడవలు, ప్రార్థనాలయములు కొట్టుకొనిపోయెను. అండమాన్ నికోబారు ద్వీపములలో మృతులును, జాడ తెలియనివారును కలిసి మూడు వేలకు మించిరి. బ్రతికినవారిలో అనేకులను పోర్ట్ బ్లెయిరునకు చేర్చి శిబిరములలో నుంచిరి. కార్ నికోబారు ప్రజలు దాదాపు అందరును క్రైస్తవులు. విశ్వాసము గలవానికి రోగము లేదు, దారిద్ర్యము లేదు అని బోధించు మతము ఆ శిబిరములలోని వారికి ఏమి చెప్పగలదు?

ఇట్టి బోధ యొకటి నేటి క్రైస్తవలోకమున విరివిగా వ్యాపించియున్నది. దానిని సమృద్ధి సువార్త యందురు. దేవుడు తన బిడ్డలకు ఆరోగ్యమును, ఐశ్వర్యమును వాగ్దానము చేసెననియు, విశ్వాసముతో నోట పలికి, కానుకను విత్తనమువలె నాటినవాడు నూరంతలుగా కోసికొనుననియు ఆ బోధకుల వాదము. అబ్రాహాము మందలను, మలాకీ ప్రవక్త దశమభాగమును గూర్చి చెప్పిన మాటలను వారు ప్రమాణముగా చూపుదురు.

దీని పుట్టినిల్లు అమెరికా. ధనార్జన క్రైస్తవుని విధియని బాప్టిస్టు బోధకుడు రస్సెల్ కాన్వెల్ (1843-1925) ఒకే ఉపన్యాసమును వేలసార్లు వినిపించెను. పలికిన మాటకే శక్తి కలదను తలంపును ఇ. డబ్ల్యు. కెన్యన్ (1867-1948) ప్రచారము చేసెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత స్వస్థత సభలు నడపిన ఓరల్ రాబర్ట్సు కానుకను విత్తనముతో పోల్చెను. కెన్నెత్ హేగిన్ 1974లో ఓక్లహోమా రాష్ట్రమున బైబిలు శిక్షణాలయమును నెలకొల్పెను. రేడియో, టెలివిజనుల మూలమున ఆ బోధ ఆఫ్రికా, బ్రెజిల్, కొరియా దేశములకును, భారతదేశమునకును ప్రాకినది.

జనులు దీనికి చెవియొగ్గుటకు కారణము కేవలము దురాశ యనుట తొందరపాటు. ఆసుపత్రి ఖర్చు భరింపలేని తల్లికి, అప్పులవాడు వాకిట నిలిచిన గృహస్థునకు పరలోక సౌఖ్యమును గూర్చిన ప్రసంగము చాలదు. వారి ఆకలిని, వ్యాధిని దేవుడు పట్టించుకొనునని ఈ బోధకులు చెప్పిరి. నీవు నీచుడవు కావు, రాజకుమారుడవు అని వారు చెప్పినప్పుడు తరతరములుగా తలవంచినవాడు తల యెత్తెను. త్రాగుడు మాని, పొదుపు నేర్చి బాగుపడిన కుటుంబములును కలవు. పాత సంఘములు మరచిన పనిని ఈ బోధ చేసినదని విమర్శకులే కొందరు ఒప్పుకొందురు.

అయినను క్రైస్తవులలోనే దీనికి గట్టి ఎదురువాదము లేచినది. బైబిలు పండితుడు గోర్డన్ ఫీ 1979లో ఈ సువార్తను వ్యాధిగా వర్ణించెను. 2008, 2009 సంవత్సరములలో ఘానాలోని అక్రోపాంగ్ పట్టణమున సమావేశమైన ఆఫ్రికా వేదాంతులు దీనిని పరిశీలించి, దేవుని అద్భుతశక్తిని అంగీకరించుచునే, ధనమును విశ్వాసమునకు కొలబద్దగా చేయుటను ఖండించిరి. 2010లో కేప్‌టౌనులో జరిగిన ప్రపంచ సువార్తిక మహాసభయు ఆ తీర్పునే బలపరచినది. వారి వాదమునకు యోబు గ్రంథము ఆధారము. యోబు సర్వస్వమును కోల్పోగా, ఇది నీ పాపఫలమే యని మిత్రులు వాదించిరి; గ్రంథాంతమున దేవుడు కోపించినది ఆ మిత్రులమీదనే. సమృద్ధి బోధలోని ముల్లు ఇచ్చటనే కలదు. సంపద విశ్వాసమునకు ఫలమైనచో, దారిద్ర్యము అవిశ్వాసమునకు ఫలము కావలెను. అప్పుడు రోగికి రోగముతోపాటు నేరమును అంటగట్టినట్లగును.

అండమాను క్రైస్తవుల చరిత్రయు ఈ చర్చకు సాక్ష్యమిచ్చును. 1918లో అడవులు నరకు పనికై రాంచీ కాథలిక్కు మిషను కూలీల సంస్థ ద్వారా ఛోటానాగపూరు ఆదివాసులు ఇచ్చటికి వచ్చిరి. వారి పెద్దలు క్రైస్తవమును చేపట్టుటకు ప్రధానకారణము భూమి. 1885లో ఆ ప్రాంతమునకు వచ్చిన బెల్జియము గురువు కాన్‌స్టంట్ లీవెన్సు భూస్వాముల దావాలలో వారికి బాసటగా నిలిచెను. వేలాదిమంది ఆయన ననుసరించిరి. లౌకికమైన కోరికతో దేవాలయమునకు వచ్చుట తప్పు కాదు. కాని లీవెన్సు వారికి చూపినది న్యాయస్థానమునకు దారి. పేదరికము వారి విశ్వాసలోపమని ఆయన చెప్పలేదు.

నికోబారు కథ వేరు. 1895లో తమిళ ఉపదేశకుడు వేదప్పన్ సాలమన్ కార్ నికోబారులోని మూస్ గ్రామమున బడి పెట్టెను. ఆయన శిష్యుడు జాన్ రిచర్డ్‌సన్ బర్మాలో చదివి వచ్చి ఉపాధ్యాయుడై, 1950లో బిషప్పై, 1952లో తొలి లోక్‌సభకు నియమింపబడెను. బైబిలును నికోబారీ భాషలోనికి తెచ్చెను. జపాను ఆక్రమణ కాలమున (1942-45) గూఢచారులను నెపముతో ద్వీపవాసులనేకులను చంపిరి. రిచర్డ్‌సన్ స్వకుటుంబమువారిని కోల్పోయి, తానును మృత్యుముఖమునుండి బయటపడెను. ద్వీపమంతయు క్రైస్తవమైనది ఆ బాధల పిదపనే. ఆ మతము వారికి ధనము నిచ్చునని నమ్మి వారు చేరలేదు.

సంపదను గూర్చి నికోబారీలకు తమదైన భావము కలదు. తోటలు తుహేత్ అను ఉమ్మడి కుటుంబమునకు చెందును. ఏండ్లతరబడి పందులను పెంచి ఉత్సవమునాడు పొరుగు గ్రామములకు విందు చేసినవాడే గొప్పవాడు. సునామీ తరువాత నష్టపరిహారము ధనరూపమున విడివిడి కుటుంబముల చేతికి వచ్చినది. మోటారు సైకిళ్లు, టెలివిజనులు వచ్చినవి. తుహేత్ కట్టు సడలినదని పరిశోధకులు వ్రాసిరి. చేతికి డబ్బు వచ్చినను ఆ జనులు సమృద్ధులైరని చెప్పుటకు వీలులేకపోయినది.

తెలుగువారికి ఈ చర్చ క్రొత్తది కాదు. 1876-78 క్షామమున ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. జ్ఞానస్నానము కోరివచ్చిన వేలాదిమందిని ఆయన కరవు తీరువరకు ఆపెను. కూటికై మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని ఆయన ఉద్దేశము. సహాయము నిలిచిన పిదప 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది జ్ఞానస్నానము పొందిరి. తరువాత దోర్నకల్ బిషప్పు అజరయ్య కూలిజనుల సంఘములకు పిడికెడు బియ్యపు కానుకను నేర్పెను. వండుకొను బియ్యములోనుండి తీసిన ఆ పిడికెడు మరల నూరంతలై వచ్చునను ఆశతో ఇచ్చినది కాదు. ఇచ్చుటకు తమకును కొంత కలదను ఆత్మగౌరవముతో ఇచ్చినది.

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరునందు నేడు రాంచీవారును, నికోబారీలును, శ్రీకాకుళము విశాఖ తీరములనుండి వచ్చిన తెలుగువారును పొరుగుపొరుగున నున్నారు. 2011 జనాభా లెక్కలలో ఈ ద్వీపజనులలో నూటికి 21 మంది క్రైస్తవులు. 13 మంది మాతృభాష తెలుగు. ఏ బోధకుడు వచ్చినను ఆయన మాటను వినువారిలో సముద్రమునకు బిడ్డను కోల్పోయిన తల్లి యొకతె యుండవచ్చును. నీ విశ్వాసము చాలలేదని ఆమెతో చెప్పజాలని సువార్తయే ఆ ద్వీపములలో నిలువదగినది.