ఒక నంబరు వెంట కెర్నెల్‌లోకి

మాక్ టెర్మినల్‌లో ట్రేసింగ్ మొదలైంది. ఒక ప్రోగ్రాం ఏదో ఫైలు చదవబోతోంది. దాని థ్రెడ్ 'రీడ్' సిస్టమ్ కాల్ చేసి ఎక్స్‌ఎన్‌యూ కెర్నెల్‌లో అడుగుపెట్టింది. అసలు పని మొదలయ్యేలోపే, ఆ సీపీయూకి కేటాయించిన బఫర్‌లో 64 బైట్ల రికార్డు పడిపోయింది: సమయం, థ్రెడ్ ఐడీ, సీపీయూ నంబరు, నాలుగు ఆర్గ్యుమెంట్లు, ఒక 32 బిట్ల నంబరు. జరిగిన సంఘటన పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆ నంబరే పేరు.

హెక్సాడెసిమల్‌లో అది 040సి000డి. ఎడమ నుంచి విప్పుదాం. మొదటి 8 బిట్లు క్లాస్: 04, అంటే బీఎస్‌డీ. తర్వాతి 8 బిట్లు సబ్‌క్లాస్: 0సి, సిస్టమ్ కాల్స్. ఆపైన 14 బిట్లు కోడ్. చిట్టచివరి రెండు బిట్లు ఇది ఆరంభమో ముగింపో చెబుతాయి. 'డి' అంటే 1101. కుడివైపు 01 ఆరంభం. మిగిలిన 11 అంటే 3, రీడ్ కాల్ నంబరు. 1971 నాటి తొలి యునిక్స్‌లోనూ రీడ్ నంబరు 3.

అంతలోనే 040సి000ఇ వచ్చింది. చివర 10, ముగింపు. థ్రెడ్ అదే. ఎర్రర్ గడిలో 0 ఉంది. రెండు రికార్డుల సమయాల తేడా తీస్తే చదవడానికి ఎంతసేపు పట్టిందో తేలిపోయింది.

ఇప్పుడు మన వంతు. మన డ్రైవర్‌లో ఒక అభ్యర్థన క్యూలో ఎంతసేపు ఆగుతోందో చూడాలి. దానికి కొత్త నంబరు కావాలి. ఈ ట్రేసింగ్ వ్యవస్థ పేరు కెడీబగ్; దాని హెడర్ తెరిచాం. డ్రైవర్ల క్లాస్ 6. మన సబ్‌క్లాస్‌లో 11 దాకా కోడ్‌లు ఇచ్చేశారు. వాటిలో 7ను ఇప్పుడెవరూ వాడటం లేదు. చెయ్యి అటే పోతుంది. వద్దు. నిరుడు దాచిన ట్రేస్‌లలో ఆ 7 పాత అర్థంతోనే ఉంది. దాన్ని మళ్లీ వాడితే ఆ ఫైళ్లన్నీ అబద్ధం చెబుతాయి, చదివేవాళ్లకు అనుమానం కూడా రాదు.

అందుకే 12 తీసుకుంటాం. రెండు బిట్లు ఎడమకు జరిపితే 0030. జరపడం మరిచిపోతే అది 000సి, అంటే కోడ్ 3 చోటు. మన సంఘటన మరొకదాని పేరుతో నమోదవుతుంది. అలా కాకుండా ఉండేందుకే నంబరు కట్టే మాక్రో ఉంది, చేత్తో లెక్క కట్టకుండా దాన్నే వాడదాం.

ఇంకో పని మిగిలింది. నంబర్లకు పేర్లు చెప్పే ట్రేస్ కోడ్స్ ఫైల్లో నంబరు, పక్కన పేరుతో ఒక వరుస రాయాలి. హెడర్‌లో మార్పుతో పాటే ఇదీ చేరాలి. కెర్నెల్ బిల్డ్ చేసి మళ్లీ ట్రేస్ నడిపితే మన క్యూ సొంత పేరుతో కనిపిస్తుంది. ఈ క్షణం నుంచి 12 అర్థం మార్చే హక్కు మనకు కూడా లేదు.