రేఖ జరిగినప్పుడు: స్థానాంతరణ భావన చరిత్ర

నూజివీడు ప్రాంతంలోని చాట్రాయి మామిడితోటల్లో మొక్కలను చతురస్ర పద్ధతిలో నాటాలంటే, తొలి వరుసను దిశ మార్చకుండా సమాన దూరాలకు జరపాలి. జ్యామితిలో ఇదే స్థానాంతరణం. ఇందులో రేఖ రేఖగానే మిగులుతుంది. మూలరేఖకు సమాంతరమవుతుంది, తన దిశలోనే జరిగితే తనతో ఏకీభవిస్తుంది.

స్వయంస్పష్టమనిపించే ఈ ఫలితం వెనుక దీర్ఘమైన వివాదం ఉంది. 11వ శతాబ్దిలో ఇబ్న్ అల్ హైతమ్ సరళరేఖపై నిలిపిన లంబాన్ని జరిపి, దాని పైకొన జాడ కూడా సరళరేఖేనని భావించి, యూక్లిడ్ ఐదవ స్వీకృతాన్ని నిరూపించబూనాడు. జ్యామితిలో చలనానికి తావు లేదని ఉమర్ ఖయ్యాం ఆక్షేపించాడు. 1829లో లొబచేవ్‌స్కీ ప్రకటించిన జ్యామితిలో ఆ జాడ వక్రమే. కనుక సమదూరపు వరుస తిన్నగా ఉంటుందన్న హామీ చలనం ఇచ్చినది కాదు, ఐదవ స్వీకృతం ఇచ్చినది.

అయితే 1872లో ఫెలిక్స్ క్లైన్, పరివర్తనలకు చెదరని ధర్మాల అధ్యయనమే జ్యామితి అని నిర్వచించాడు. ఖయ్యాం వెలివేసిన చలనం అలా జ్యామితికి మూలసూత్రమైంది.