మేరీ గారెట్: విరాళంతో పాటు షరతు రాసిచ్చిన దాత

మేరీ ఎలిజబెత్ గారెట్ (1854–1915) అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి చెందిన సంపన్న వారసురాలు. తండ్రి జాన్ వర్క్ గారెట్ బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే కంపెనీ అధ్యక్షుడు. ఆయన ఉత్తర ప్రత్యుత్తరాలు చూస్తూ, వ్యాపార చర్చల్లో వెంట ఉంటూ మేరీ వ్యవహారం నేర్చుకున్నారు. విశ్వవిద్యాలయ చదువు మాత్రం ఆమెకు దక్కలేదు. 1884లో తండ్రి మరణించాక ఆస్తిలో మూడోవంతు ఆమెకు వచ్చింది.

1885లో నలుగురు స్నేహితురాళ్లతో కలిసి బాల్టిమోర్‌లో బ్రిన్ మార్ బాలికల పాఠశాలను స్థాపించారు. ఆడపిల్లలను కళాశాల చదువుకు సిద్ధం చేయడమే దాని ఉద్దేశం.

అదే నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లో తెరుచుకుంది. దాని పక్కనే రావలసిన వైద్య కళాశాల మాత్రం నిధులు లేక ఆగిపోయింది. విశ్వవిద్యాలయ మూలధనంలో అధిక భాగం ఆ రైల్వే కంపెనీ షేర్లలోనే ఉంది. కంపెనీకి గడ్డురోజులు రావడంతో రాబడి పడిపోయింది. అప్పుడు మేరీ, ఆమె స్నేహితురాళ్లు దేశమంతటా మహిళా కమిటీలు ఏర్పరచి 1890లో సుమారు లక్ష డాలర్లు పోగుచేశారు. స్త్రీలను చేర్చుకోవాలన్నది వారి షరతు. మొత్తం 5 లక్షల డాలర్లు సమకూరితేనే కళాశాల తెరుస్తామన్నారు ధర్మకర్తలు. తక్కువపడిన 3,06,977 డాలర్లను 1892 డిసెంబరులో మేరీ ఒక్కరే ఇచ్చారు.

ఆ విరాళపత్రం చదవదగ్గది. పురుషులతో సమాన నిబంధనలపై స్త్రీలకు ప్రవేశం, బహుమతులు, గౌరవాలు ఉండాలి. చేరేవారికి ముందే డిగ్రీ, విజ్ఞానశాస్త్రాల్లో పునాది, ఫ్రెంచి, జర్మన్ భాషల పరిచయం ఉండాలి. ఈ నియమాల్లో ఏది తప్పినా సొమ్ము తిరిగి ఇచ్చేయాలి. అంత కఠినమైన ప్రవేశార్హత అప్పటి అమెరికా వైద్య కళాశాలల్లో అరుదు.

1893లో కళాశాల మొదలైనప్పుడు తొలి తరగతిలోని 18 మందిలో ముగ్గురు స్త్రీలు. 1900లో అక్కడే పట్టా పుచ్చుకున్న ఫ్లోరెన్స్ సేబిన్ తర్వాత అదే కళాశాలలో ప్రొఫెసరు అయిన తొలి మహిళ.

పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ మహిళా కళాశాలకూ మేరీ ఇలాగే సాయపడ్డారు. తన స్నేహితురాలు కేరీ థామస్‌ను అధ్యక్షురాలిగా నియమిస్తే ఏటా 10,000 డాలర్లు ఇస్తానన్నారు. 1894లో థామస్ ఆ పదవి చేపట్టారు.

పొరుగు రాష్ట్రాల్లోని మన తెలుగు సంఘాలకూ విద్యానిధులు ఇచ్చే దాతలు ఉన్నారు. ఆ సొమ్ము ఎవరి చదువుకు, ఏ నియమం మీద, మాట తప్పితే ఏమవుతుంది అన్న మూడు సంగతులూ విరాళపత్రంలోనే రాయించమని వారిని మేము కోరుతున్నాం.