డీఎల్ఎల్ వెతుకులాట

స్వర్ణముఖి నది దారిలో ఉన్న వాకాడుకు పక్క మండలం కోట. అక్కడి విద్యానగర్‌లో 1979లోనే ఎన్‌బీకేఆర్ ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది. చదువు తొందరగానే వచ్చింది గానీ, ఇళ్లలోకి కంప్యూటర్ రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక దాని రిపేర్లూ వచ్చాయి. వాటిలో మొండిది ఒకటుంది: ప్రోగ్రాం తెరుచుకోదు, ఫలానా డీఎల్ఎల్ లేదని ఓ మెసేజ్ మాత్రం వస్తుంది.

దీని మూలం 1985 నాటి తొలి విండోస్‌లోనే ఉంది. అప్పట్లో మెమరీ ఖరీదు. ప్రతి ప్రోగ్రామూ ఒకే కోడ్‌ను విడివిడిగా మోయకుండా, అందరికీ కలిపి ఒక ఫైల్‌లో పెట్టారు. అదే డీఎల్ఎల్. ఉమ్మడి వంటిల్లు లాంటి ఏర్పాటు. ఒకరు గిన్నె మార్చేస్తే మిగతావాళ్ల వంట ఆగిపోతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ తన డీఎల్ఎల్‌ను పాతదాని మీద రాసేస్తే, నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం పడిపోయేది.

1998లో విజువల్ బేసిక్ 6 వచ్చింది. దాంతో రాసిన ప్రోగ్రాంకు ఎంఎస్‌వీబీవీఎం60.డీఎల్ఎల్ కావాలి. విండోస్ 95లో అది ఉండేది కాదు. ఆ ఫైల్ సుమారు 1.3 మెగాబైట్లు, 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఎలాగో ఇరికేది. ఇంటర్నెట్ లేని ఊళ్లకు అదే దిక్కు.

తెలుగువాళ్లకు ఇంకో తంటా. తెలుగు అక్షరాలను సరిగ్గా పేర్చే పని యూఎస్‌పీ10.డీఎల్ఎల్‌ది. తెలుగుకు ఆ సదుపాయం 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో మొదలైంది, అదీ అడిగితేనే. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల ట్యాబ్ తెరిచి, కాంప్లెక్స్ స్క్రిప్ట్ దగ్గర టిక్కు పెడితే, ఎక్స్‌పీ సీడీ పెట్టమనేది. ఆ సీడీ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు! టిక్కు పెట్టకపోతే వత్తులు ఓ పక్క, గుణింతాలు ఓ పక్క. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనప్పుడు చాలామంది దాన్ని ఇలాగే చూశారు.

ఎక్స్‌పీతోనే మైక్రోసాఫ్ట్ ఒకే డీఎల్ఎల్ వేర్వేరు వెర్షన్లను పక్కపక్కన ఉంచే పద్ధతి తెచ్చింది. గొడవ తగ్గింది, పోలేదు. 2015 తర్వాత వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్ పేరు జనానికి బాగా పరిచయమైంది. అప్పుడు చాలామంది చేసిన పొరపాటు, ఏదో ఒక సైట్‌లో ఆ ఒక్క ఫైల్ దించుకుని సిస్టం32 ఫోల్డర్‌లో పడేయడం. 64 బిట్ విండోస్‌లో సిస్టం32లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్‌వి సిస్‌వావ్64లో ఉంటాయి. పేర్లు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. తారుమారైతే 0ఎక్స్‌సీ000007బీ అనే ఎర్రర్ వస్తుంది. పైగా ఊరూపేరూ లేని సైట్ల ఫైల్‌తోపాటు వైరస్ రావచ్చు.

ఆ ఫైల్‌కు సరైన మందు వేరే ఉంది: విజువల్ సీ++ 2015 నుంచి 2022 దాకా ఒకే రీడిస్ట్రిబ్యూటబుల్ ప్యాకేజీ సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ సొంత సైట్ నుంచి ఎక్స్86, ఎక్స్64 రెండూ దించుకోండి. మీ విండోస్ 64 బిట్ అయినా రెండూ వేసుకోవాలి, ఎందుకంటే తెరుచుకోని ఆ ప్రోగ్రాం 32 బిట్‌దై ఉండొచ్చు.