పప్పుల పులుపును బట్టి నెల

జరంత దగ్గరికి జరుగుండ్రి పిల్లలూ. పుష్యమాసం చలి ఇది, దుప్పటి కప్పుకున్నా కాళ్లు జివ్వుమంటయి. ఇందాక చిన్నది అడిగింది కదా, "నానమ్మా, టమాట లేకుంటె పప్పు ఎట్ల చేసేటోళ్లు?" అని. మంచి మాట అడిగింది. దానికి జవాబు వంటింట్ల లేదు బిడ్డా, చేన్ల ఉన్నది, అంగట్ల ఉన్నది. అక్కడ్నుంచే చెప్పుకుంట వస్త.

మా అవ్వ ఇంట్ల కందిపప్పు ఏడాదంతా ఒక్కటే. పులుపే మారేది. ఉగాది దాటినంక చింతచెట్లకు ఎర్రెర్రగ చిగురు వచ్చేది. పిల్లలం కొమ్మలెక్కి తెంపి కిందికేస్తుంటె మా అవ్వ కొంగుల పట్టేది. ఆ చిగురును రెండు అరచేతుల నడుమ మెల్లగ నలిపి, ఈనెలు ఏరి పారేసి, ఉడుకుతున్న పప్పుల ఏస్తే ఆ వాసనకు వాకిట్ల పోయేటోడు సుత ఆగి చూసేటోడు. ఆ భోగం కొన్ని దినాలే, ఆకు ముదిరితే అయిపాయె. గంతల మామిడికాయ దిగేది. ఎండకాలమంతా మామిడికాయ పప్పు. మిగిలిన కాయను కోసి, ముక్కలు ఎండబెట్టి, ఒరుగులు కుండల పోసి మూతి కట్టేటోళ్లు, మామిడి ఒడిసినంక అవే దిక్కు. తొలకరి పడి నెల తిరిగెవరకు పుంటికూర వచ్చేది. వానలు ఎనకవట్టినంక చుక్కకూర. టమాట వచ్చేది చలికాలంలనే. అది నాటు టమాట. గీతలు గీతలుగ ఉండి, తోలు పల్చగ, పట్టుకుంటె పగిలేటట్టు ఉండేది. పుల్లగ, నిండ రసం. శివరాత్రి దాటి ఎండ ముదిరితే చెట్టు వాడిపోయేది. అప్పటికి చెట్ల మీద కొత్త చింతకాయ పండి, రాలగొట్టుడు మొదలయ్యేది. గట్ల గిన్నె మూత తీసి వాసన చూస్తే ఏ నెల నడుస్తున్నదో చెప్పేటోళ్లం. క్యాలెండరు మా ఇంట్ల చాలా ఏండ్లకు గాని గోడకెక్కలే.

పండుగలు సుత గట్లనే. వినాయక చవితికి తుమ్మికూర తినాలె. అది ఎవ్వరూ విత్తనం ఏసి పెంచేది కాదు. వానలు పడ్డంక గట్ల మీద, బీళ్లల్ల దానంతట అదే మొలుస్తది, తెల్లటి సన్న పువ్వు పూస్తది. ముందటి దినం మేం చెలకలల్ల తిరిగి గంపకు ఏరుకొస్తే, పట్నంల గంట సేపట్ల గంప ఖాళీ. బతుకమ్మకు గునుగు, తంగేడు, బంతి. అదే రోజులల్ల సీతాఫలాలు. సంక్రాంతికి రేగుపండ్లు, రథసప్తమికి చిక్కుడుకాయ, శివరాత్రికి మొరంగడ్డ. భూమి ఏది ఇచ్చే కాలంల ఆ పండుగ దానినే అడుగుతది. మన పెద్దోళ్లు ఎంత ఆలోచన చేసి పెట్టిండ్రో అని నాకు ఇప్పటికీ అనిపిస్తది.

ఇగ మా నాయిన ముచ్చట. నయాపైసలు కొత్తగ వచ్చిన కాలం అది, 1957, 58 అట్ల. మాది చేవెళ్ల దిక్కు. బాయి కింద కూరగాయలు పెట్టేటోళ్లు, మోట కొట్టి నీళ్లు పారిచ్చేటోళ్లు. పొద్దు గూకంగనే బండి కట్టి, కింద లాంతరు ఏలాడదీసి పట్నం తొవ్వ పట్టేటోడు మా నాయిన. మొయినాబాద్ మీదికెళ్లి, లంగర్‌హౌజ్, కార్వాన్ దాటి, పురానాపూల్ మీద మూసీ దాటి మీర్ ఆలం మండీ చేరెవరకు తెల్లారేది. తొవ్వ పొడుగునా రెండు దిక్కుల మర్రిచెట్లు. ఎండ పూట తిరిగొచ్చేటప్పుడు ఎడ్లకు ఆ నీడే ప్రాణం. మీరు బస్సుల పోతుంటె చూస్తరు కదా, మన్నెగూడ దాంక ఇంకా ఉన్నయి ఆ చెట్లు. తొమ్మిదివందల దాంక ఉన్నయని లెక్క తీసిండ్రు. తొవ్వ ఎడల్పు చేస్తమంటె వాటిని కొట్టొద్దని జనం కోర్టు దాంక పోయిండ్రు. మంచి పని చేసిండ్రు.

మండీల ఏమయ్యేదో మా నాయిన మంచంల పండుకొని మా అవ్వకు చెప్పేటోడు, మేం ఇనేటోళ్లం. విత్తనాలకు, ఎడ్లకు ముందుగాలనే పైసలిచ్చిన అడ్తిదారు ఒకడు ఉండె. బాకీ ఉన్నోడు ఇంకో దుకాణానికి పోరాదు. హర్రాజుల ఎంత పలికితే అంతే, ఇష్టం లేకున్నా వంకాయను ఇంటికి తిప్పుకొస్తమా? కమీషన్ కొంత, హమాలి కొంత, కడ్తా అని తూకంల కోత కొంత, నమూనాకని గంపల నుంచి తీసుకున్నది కొంత. అన్నీ పోంగ చేతుల పడ్డదానితోని ఉప్పు, కిరసనాయిలు, మాకో బెల్లం ముక్క. పంట పండించినోని చేతికి తక్కెడ వచ్చేది కాదు బిడ్డా, గదే దుఃఖం. మా నాయినకు ఆరు తీర్ల వంకాయల గురించి తెల్సు, తొడిమ చూసి ఎప్పుడు తెంపిండ్రో చెప్పేటోడు. ధర చెప్పే నోరు మాత్రం ఆయనకు ఇయ్యలే.

1999 జనవరిల రైతే నేరుగ అమ్ముకునే రైతు బజార్లు పెట్టిండ్రు. అప్పటికి మనది ఉమ్మడి రాష్ట్రం. పంజాబుల ఇసొంటివే 'అప్నీ మండీ' అని 1987లనే పెట్టిండ్రు. మన దగ్గర మొదలైన ఏడాదే తమిళనాడుల సుత 'ఉళవర్ సందై' అని పెట్టిండ్రు. మీ తాత మొదట్ల నమ్మలే. "సర్కారు పెడితె సర్కారు మనుషులే కూసుంటరు" అన్నడు. ఆఫీసర్లు ఊర్లకొచ్చి చేను చూసిండ్రు, ఏం పెట్టినవని రాసుకున్నరు, ఫోటో అంటించిన కార్డు ఇచ్చిండ్రు. కార్డు ఉన్న రైతే అమ్మాలె. కూసునేతందుకు గద్దె, పైన నీడ, తూకానికి తక్కెడ, బాట్లు. పొద్దుగాల బోర్డు మీద ధరలు రాసేటోళ్లు, టోకు ధర కంటె జరంత ఎక్కువ, బయట దుకాణం కంటె జరంత తక్కువ. గంపలెక్కిచ్చుకునేతందుకు ఆర్టీసీ బస్సులు సుత ఏసిండ్రు. నా చేతిల మొదటిసారి తక్కెడ పట్టిన దినం నేను మా నాయినను తల్చుకున్న. అప్పటికి ఆయన లేడు.

బజారుకు పోవుడు అంటె ముందటి రాత్రి నుంచే పని. మాపటీలి ఎండ చల్లబడ్డంక కొత్తిమీర ఏర్లతోని గుంజుడు, కాలువల మట్టి కడుగుడు. వరిగడ్డి నానబెట్టి, రెండు పోసలు మెలేసి కట్టలు కట్టుడు. ఎండుగడ్డితోని కడితే తెగుతది, గట్టిగ బిగిస్తే ఆకు కమిలిపోతది. కట్టకు పట్టు అందాలె, ఆకుకు గాలి ఆడాలె. గంపల ఏర్లు లోపలికి, ఆకులు బయటికి పెట్టి, పైన తడి గోనె కప్పాలె. నీళ్లు ఎక్కువ చల్లితే తెల్లారెవరకు నల్లబడి జిగురు వస్తది. గోనె తడిగ ఉండాలె, కూర తడవొద్దు. బీరకాయ, బెండకాయ మాత్రం తెల్లారుజామున మంచుల తెంపేటోళ్లం. బెండకాయ కొస తుంచితే పుటుక్కుమనాలె, వంగిందంటె అది బజారుకు పనికిరాదు, విత్తనానికి ఇడిసిపెట్టాలె. సొరకాయల మంచిది ఒకటి చెట్టుకే ఎండనిచ్చి, గింజలు బూడిదల కలిపి దాచేది మా అత్తమ్మ. హైబ్రిడ్ పొట్లాలు వచ్చెదాంక మాకు విత్తనం కొనే మాటే లేదు.

మెహిదీపట్నం బజార్ల నా గద్దె దగ్గరికి ఒక రిటైరైన సారు వారం వారం వచ్చేటోడు. దసరా పోంగనే "చిక్కుడుకాయ ఏదమ్మా?" అనేటోడు. "ఇంకా పూత మీదనే ఉన్నది సారూ, చలి పడాలె" అంటె, "అయితె ఇప్పుడు ఏది తినాలె?" అని నన్నే అడిగేటోడు. బోడకాకరలు చేతుల పోస్తే మారుమాట లేకుంట తీసుకుపోయేటోడు. వానకాలంల కంచెల మీద పాకే తీగ అది, పచ్చగ ముండ్లు ముండ్లుగ ఉంటది, ధర ఎక్కువ, దొరికేది కొద్ది దినాలే. కొన్ని దినాలకు ఆయన ఎట్లయిండంటె, చలి పెరిగిందంటె "మీ చిక్కుడు కాతకొచ్చి ఉండాలె" అని తానే అనేటోడు. పట్నంల పుట్టి పెరిగిన మనిషి, మా చేను ఎన్నడూ చూడలే, కాని చేన్ల ఏమైతున్నదో ఆయనకు తెలిసేది. అమ్మేటోడు, కొనేటోడు ఎదురుబొదురు కూసుంటె వచ్చే తెలివి అది. ధర కంటె అదే పెద్ద లాభం అని నేను అంట.

ఇప్పుడు మీకు ఏడాదంతా టమాట దొరుకుతది. ఎండకాలంల మదనపల్లె నుంచి లారీలల్ల వస్తది. గట్టి తోలు, గుండ్రటి కాయ, ఎంత దూరమైనా పగలదు. నేను దాన్ని తిట్టను. అక్కడి రైతు సుత రైతే, ధర పడిపోయినప్పుడు తొవ్వల పారబోసి ఏడ్చేది ఆయనే. కాని ఒక్క టమాట ఏడాదంతా దొరికిందని చింతచిగురు, ఒరుగులు, చుక్కకూర మీ పళ్లెంల నుంచి పోయినయి చూడుండ్రి, నాకు గది మనసుకు పడ్తలేదు. నాలుగైదు రుచులు పోయి ఒక్కటి మిగిలింది.

భూమి ముచ్చట సుత చెప్పాలె. గండిపేట చెరువు 1920ల, హిమాయత్‌సాగర్ 1927ల కట్టిండ్రు, పట్నానికి నీళ్లకు, వరదను ఆపేతందుకు. ఆ చెరువులు ఖరాబు కావద్దని 1996ల 111 జీవో తెచ్చిండ్రు. పది కిలోమీటర్ల దాంక 84 ఊర్లల్ల పెద్ద పెద్ద కట్టడాలు, ఫ్యాక్టరీలు కట్టొద్దన్నరు. పట్నం గింత పక్కకే ఇంకా ఆకుకూరలు పండినయంటె దాని పుణ్యం కొంత ఉన్నది. రైతులల్ల చాలామంది ఆ జీవో మీద కోపం చేసిండ్రు, భూమికి ధర వస్తలేదని. వాళ్ల బాధ అబద్ధం కాదు, బిడ్డ పెండ్లికి ఎకరం అమ్ముదామంటె పక్క ఊరి రైతుకు వచ్చినంత రాలే. 2022ల 69 జీవో ఇచ్చి ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నమన్నరు. చెరువులను కాపాడాలె, రైతుకు సుత నష్టం కట్టియ్యాలె. ఈ రెండూ కలిపి ఆలోచన చేసినోళ్లు తక్కువ. పాలకూర మడులున్న కాడ రాళ్లు పాతి ప్లాట్లు చేసినంక మళ్ల పాలకూర మొలవది.

ఇంకో మాట. కొన్ని బజార్లల్ల ఇప్పుడు రైతు గద్దెల మీద రైతు కానోళ్లు కూసుంటున్నరు. టోకు మార్కెట్ల కొని తెచ్చి అమ్ముతరు. గుర్తు పట్టుడు కష్టం కాదు. ఒక్క గద్దె మీద పది పదిహేను తీర్ల కూరగాయలు, అన్నీ ఒక్క సైజుల, మెరుస్తుంటె అవి ఒక్క చేను పంట కాదు. నిజం రైతు దగ్గర మూడో నాలుగో తీర్లు ఉంటయి, కాయ ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ, తొడిమకు మన్ను అంటి ఉంటది. చేతులు చూసినా తెలుస్తది.

మీరు పట్నంల ఉంటరు, చదువులు, ఉద్యోగాలు ఉన్నయి, చేను చేయమని నేను అడుగుత లేను. వారానికొకసారి రైతు బజారుకు పోండ్రి. పొద్దుగాల్నే పోండ్రి, పొద్దెక్కితే ఏరంగ మిగిలిందే ఉంటది. గద్దె మీద కూసున్నోళ్లను ఏ ఊరని అడుగుండ్రి, ఎప్పుడు తెంపినవని అడుగుండ్రి, వచ్చే వారం ఏం దిగుతదని అడుగుండ్రి. జవాబు చెప్పినోళ్ల దగ్గరనే కొనుండ్రి, బోర్డు మీది ధరను బేరం చేయకుండ్రి. ఉగాది పోయినంక చింతచిగురు కనపడితే మాత్రం ఇడిసిపెట్టొద్దు, నాకు సుత ఒక కట్ట పట్టుకొనిరాండ్రి.