పెరటి టెలిస్కోపుల పుట్టుక

1920ల అమెరికాలో మంచి టెలిస్కోపు కొనడం మామూలు జీతగాడి తాహతుకు మించిన పని. ఆ రోజుల్లో వెర్మాంట్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో ఫ్యాక్టరీ పనివాళ్లు తమ టెలిస్కోపులు తామే చేసుకున్నారు.

వాళ్లకు గురువు రసెల్ పోర్టర్. ఆర్కిటెక్చర్ చదివాడు, ధ్రువప్రాంతపు మంచులో యాత్రలు చేశాడు, బొమ్మలు చక్కగా వేసేవాడు. సొంతూరైన స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తిరిగొచ్చి జోన్స్ అండ్ లామ్సన్ అనే యంత్రపరికరాల కంపెనీలో చేరాడు. 1920లో ఆసక్తి ఉన్నవాళ్లను పోగుచేసి టెలిస్కోపు అద్దం తయారీ నేర్పడం మొదలుపెట్టాడు. ఆ తరగతిలో ఒక మహిళ కూడా ఉంది.

కావలసినవి రెండు గుండ్రటి గాజుబిళ్లలు, కార్బొరండం పొడి, నీళ్లు, ఓపిక. ఒక బిళ్లను కదలకుండా బిగించి, పొడి చల్లి, దాని చుట్టూ తిరుగుతూ రెండో బిళ్లను పైన ఆనించి ముందుకూ వెనక్కూ తోయాలి. గంటల తరబడి తోస్తే పైబిళ్ల గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది. ఆ పైబిళ్లే అద్దం. తర్వాత మెరుగు పెట్టాలి. అప్పుడు ఉపరితలంలో మిల్లీమీటరులో పదివేలో వంతు తేడా మిగిలినా చుక్క స్పష్టంగా కనపడదు, చెదురుతుంది.

అంత చిన్న తప్పు పట్టేదెలా? ఫ్రెంచి శాస్త్రవేత్త లియాన్ ఫూకో 1858లోనే దారి చూపాడు. చీకటిగదిలో సన్నని రంధ్రం వెనక దీపం పెడతారు. అద్దం మీద పడి తిరిగొచ్చిన వెలుగు ఒకచోట కూడుతుంది. అక్కడ బ్లేడు అంచును మెల్లగా అడ్డం జరిపితే అద్దం మీద నీడలు లేస్తాయి. గుంటలు, మిట్టలు, వాలిపోయిన అంచు అన్నీ పెద్ద పెద్ద కొండలూ లోయల్లా కళ్లకు కడతాయి.

ఆ నీడ అద్దం చేసినవాడికే కాదు, పక్కవాడికీ కనిపిస్తుంది. అందుకే అక్కడ మొహమాటానికీ వాదనకూ చోటు లేకపోయింది. "అంచు వాలింది, తోపు పొడవు తగ్గించు" అని చెయ్యి తిరిగినవాడు చెబితే కొత్తవాడు మళ్లీ పనికి కూర్చునేవాడు.

ఈ బృందమే 1923లో క్లబ్బు అయింది. మరుసటి ఏడాది ఊరి పక్క కొండమీద స్టెల్లాఫేన్ అనే క్లబ్బుహౌసు కట్టుకుంది. సైంటిఫిక్ అమెరికన్ పత్రిక సంపాదకుల్లో ఒకరైన ఆల్బర్ట్ ఇంగాల్స్ వచ్చి చూసి, 1925 నవంబరు సంచికలో వీళ్ల గురించి రాశాడు. పాఠకులు తామూ చేస్తామంటూ ఉత్తరాలు గుప్పించారు. 1926లో టెలిస్కోపు తయారీ పుస్తకం వచ్చింది, కొండమీద తొలి సమావేశం జరిగింది. 1928 నుంచి ఆ పత్రికలో ఇంగాల్స్ నడిపిన శీర్షికలో ఒక ఊరివాడి చిక్కుకు మరో ఊరివాడి అనుభవం జవాబయింది. అదే ఏడాది చివర పోర్టర్ కాలిఫోర్నియా వెళ్లి, పాలొమార్ వేధశాల 200 అంగుళాల టెలిస్కోపు రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యానికి చేయడం కష్టమైన పట్టకాలు అవసరమైతే ఈ ఔత్సాహికులే ఇళ్లలో చేసిచ్చారు.

స్టెల్లాఫేన్‌లో ఇప్పటికీ వేసవిలో సమావేశం జరుగుతుంది, సొంతంగా చేసిన టెలిస్కోపులకు పోటీలు పెడతారు. చేసిన వస్తువును నలుగురి ముందు పెట్టే మనందరికీ ఆ పనివాళ్లు నేర్పింది ఒకటుంది. "బాగుంది" అన్న మాటతో ఏ అద్దమూ బాగుపడలేదు. తప్పు ఫలానా చోట ఉందని చూపి, దిద్దే దారి కూడా చెప్పినవాళ్ల వల్లే బాగుపడింది.